పౌరసత్వ దరఖాస్తులకు ఉచిత సహాయం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలో గ్రీన్‌కార్డుతో ఉంటున్న మనవాళ్లకు పౌరసత్వ దరఖాస్తులో సాయపడే విభాగం ఈ ఏడాది చేసిన పని ఇది. పౌరసత్వానికి పంపే ఎన్-400 ఫారం నింపడం పెద్ద కష్టం కాదు, చిక్కంతా తేదీలతోనే. శిబిరాల్లో మన వాలంటీర్ల సమయం ఎక్కువగా పాస్‌పోర్టు పేజీలు తిరగేయడానికే పోయింది. కట్టిన ఫీజు తిరిగి రాదు కాబట్టి, ఇప్పుడే పంపకూడని దరఖాస్తును ఆపడం కూడా పంపించడమంత ముఖ్యమైన పనిగానే చూశాం.

తేదీల లెక్క

గ్రీన్‌కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అని ఉన్న తేదీ నుంచి 5 ఏళ్లు లెక్కపెట్టాలి, కార్డు ఇంటికొచ్చిన రోజు నుంచి కాదు. అమెరికా పౌరులైన భర్తతోనో భార్యతోనో 3 ఏళ్లుగా కలిసి ఉంటున్నవాళ్లకు 3 ఏళ్లు చాలు. గడువుకు 90 రోజుల ముందు పంపవచ్చు. 91వ రోజున పంపినా తొందరపడినట్టే. అందుకే వేళ్ల మీద లెక్కలు మానేసి, ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులోని కాలిక్యులేటర్‌తో సరిచూస్తున్నాం.

ఆ 5 ఏళ్లలో కనీసం 913 రోజులు ఈ దేశంలో ఉండి ఉండాలి. చాలామందికి ఇందులో ఇబ్బంది రాదు. ఇబ్బంది వచ్చేది ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటినప్పుడు. అమ్మానాన్నల విషయంలోనే ఇది ఎక్కువ: పొలం పనులు, పెళ్లి, ఆపరేషన్ అంటూ ఊళ్లో ఏడెనిమిది నెలలు ఉండిపోతారు. అలాంటప్పుడు నివాసం తెగలేదని, అంటే ఇక్కడి కాపురం మధ్యలో ఆగలేదని, ఇక్కడి ఇల్లు, పన్ను రిటర్నులు, కుటుంబం వంటి ఆధారాలు చూపాలి. ఏడాది పూర్తిగా బయట ఉంటే నివాసం తెగినట్టే, తిరిగొచ్చాక 4 ఏళ్ల 1 రోజు ఆగాలి. రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) గ్రీన్‌కార్డును కాపాడుతుందే గాని ఈ లెక్కను కాపాడదు. ఈ సంగతి తెలియక పర్మిట్ ఉందన్న ధైర్యంతో ఉండిపోయినవాళ్లను చూస్తే మనసు కష్టమవుతుంది.

24 గంటలు దాటిన ప్రతి ప్రయాణమూ ఫారంలో రాయాలి. అమెరికా నుంచి బయల్దేరేటప్పుడు పాస్‌పోర్టులో ముద్ర వేయరు. మనవాళ్లు శంషాబాద్ ముద్ర మీది తేదీనే బయల్దేరిన తేదీగా రాసేస్తారు, నిజానికి ఇక్కడ విమానం ఎక్కింది ఒకటి రెండు రోజుల ముందు. ఇంకో పొరపాటు, రోజు-నెల వరుస. ఫారంలో నెల ముందు రాయాలి. మన అలవాటు ప్రకారం 04-07 అని రాస్తే జూలై కాస్తా ఏప్రిల్ అయి, ప్రయాణం తేదీ మూడు నెలలు వెనక్కి జరుగుతుంది. టికెట్ ఈమెయిళ్లు, ఐ-94 (దేశంలోకి రాకపోకల రికార్డు) వెబ్‌సైటులోని ప్రయాణ చరిత్ర, పాస్‌పోర్టు ముద్రలు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పులు బయటపడతాయి.

ఈ ఏడాది మారినవి

2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు కొత్త సివిక్స్ పరీక్ష (అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలు): 128 ప్రశ్నల నుంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు పంపినవాళ్లకు పాత 100 ప్రశ్నలే, 10 అడిగితే 6 చెప్పాలి. అందుకే ఈ పరీక్షకు మనం నడిపే తరగతిని రెండు జట్లుగా విడదీశాం. పాత పుస్తకాలు ఇంకా చేతులు మారుతున్నాయి, మీ రసీదు మీది తేదీ చూసుకుని చదవండి.

పెద్దవాళ్లకు ఇంగ్లీషు అక్కర్లేదన్న మాట సగమే నిజం. దరఖాస్తు నాటికి 50 ఏళ్లు నిండి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు ఉంటేనే ఇంగ్లీషు మినహాయింపు. వాళ్లు దుబాసీని పెట్టుకుని సివిక్స్ తెలుగులో చెప్పవచ్చు. 65 నిండి 20 ఏళ్లు ఉన్నవాళ్లకు ప్రశ్నల జాబితా చిన్నది. నిన్నమొన్న వచ్చిన తల్లిదండ్రులకు వయసు ఎంతున్నా ఇవి వర్తించవు. మతిమరపు వంటి జబ్బు వల్ల నేర్చుకోలేనివాళ్లకు డాక్టరు నింపే ఎన్-648 ఉంది. జబ్బు పేరు రాస్తే సరిపోదు, దానివల్ల ఎందుకు నేర్చుకోలేరో డాక్టరు వివరించాలి.

ఫీజు ఆన్‌లైన్లో 710 డాలర్లు, కాగితం మీద 760. ఆదాయం తక్కువైతే 380, ఇంకా తక్కువైతే పూర్తి మాఫీ కోరవచ్చు. 2025 అక్టోబరు 28 తర్వాత కాగితం దరఖాస్తులకు మామూలు చెక్కులు తీసుకోవడం లేదు, కార్డు ఫారం గాని, బ్యాంకు ఖాతా నుంచి కట్టే ఫారం గాని జతచేయాలి. కార్డులో డబ్బు లేకపోతే దరఖాస్తు కట్ట మొత్తం వెనక్కొస్తుంది.

గ్రీన్‌కార్డు గడువు దగ్గరపడిందని రెన్యువల్‌కు విడిగా డబ్బు కట్టకండి. ఎన్-400 రసీదే దాన్ని 24 నెలలు పొడిగిస్తుంది.

మేం చేయనిది

మన వాలంటీర్లు లాయర్లు కారు. మీరు చెప్పింది రాస్తారు, తప్పులు సరిచూస్తారు, అంతే. అరెస్టు, తాగి నడిపిన కేసు, పొరపాటున ఓటరుగా నమోదు కావడం, గ్రీన్‌కార్డు వచ్చాక నాన్‌రెసిడెంట్‌గా పన్ను రిటర్ను వేయడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఫారం ముట్టుకోకుండా లాయరు దగ్గరికి పంపాం. కేసు కొట్టేశారు కదా అని దాచవద్దు. కోర్టు ధ్రువీకరించిన తీర్పు నకలు తెప్పించుకోండి.

ప్రమాణం తర్వాత

పౌరసత్వ ప్రమాణం చేశాక సర్టిఫికెట్ చేతికిచ్చిన చోటే పేరు, పుట్టినతేదీ చూసుకోవాలి. ఇంటిపేరు, పేరు తారుమారైతే అక్కడే చెప్పడం తేలిక. ఆ రోజుతో భారత పౌరసత్వం పోతుంది, ఆ పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకూడదు. సరెండర్ సర్టిఫికెట్ (భారత పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇచ్చే పత్రం) తీసుకుని ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డుకు) వెళ్లాలి. ఓసీఐతో ఊళ్లో పొలం కొనలేరు, వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. విదేశంలో స్థిరపడిన భారత పౌరులకూ ఇదే నియమం.

గ్రీన్‌కార్డు ఉండి, మీతోనే ఉంటున్న పిల్లలకు 18 నిండేలోగా తల్లో తండ్రో ప్రమాణం చేస్తే వాళ్లూ పౌరులవుతారు. ఒక్క రోజు దాటినా సొంతంగా ఎన్-400 వేసుకోవాల్సిందే. ఇంట్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్నవాళ్లు వచ్చే శిబిరం దాకా ఆగకండి, ఇప్పుడే వాలంటీర్లకు కబురు చేయండి.