బీటీ మందు సాయంత్రమే కొట్టాలి

సంపాదకులకు,

మిరపలో కాయతొలిచే పురుగుకు బీటీ పొడి కొట్టి, ‘మర్నాడూ పురుగు కదులుతోంది, మందు నకిలీ’ అనుకోవద్దు. బీటీ అంటే మట్టిలోని బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా. అది చేసే విషపు స్ఫటికం తగిలితే చంపదు, పురుగు ఆకుతోపాటు తినాలి. ఆ స్ఫటికం పురుగు పేగులోని క్షార రసంలో కరిగి గోడకు చిల్లులు పెడుతుంది. కొద్ది గంటల్లో మేత ఆగుతుంది, చావుకు రెండు మూడు రోజులు.

ఎకరాకు 400 గ్రాములు, 200 లీటర్ల నీరు. పురుగు చిన్నదిగా ఉన్నప్పుడే, ఎండ దిగాక పిచికారీ చేయాలి. ఎండకు విషం విరుగుతుంది. తెగుళ్లకు కొట్టే, సున్నం ఉండే బోర్డో మిశ్రమంతో అసలు కలపకూడదు. కలిపిన నీళ్లు మర్నాటికి ఉంచకూడదు.

గుంటూరు మిరపను 2021లో ముంచిన, రసం పీల్చే నల్ల తామర పురుగుకు మాత్రం ఇది పనిచేయదు. దానికీ ఇదే అంటగట్టడం అన్యాయం.

– ఒక పాఠకుడు, గుంటూరు