నునుపు ఒక్కటే చాలదు, కొలిచి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

వాహనాల ఇంధన పొదుపుపై ఇటీవల మీ విద్యా పేజీలో వెలువడిన వ్యాసంలో ‘ఉపరితలం ఎంత నునుపుగా ఉంటే గాలి అడ్డు అంత తగ్గుతుంది’ అన్న వాక్యం చదివాను. వ్యాసకర్త ఉద్దేశం మంచిదే. చాలా సందర్భాల్లో ఆ మాట చెల్లుతుంది కూడా. అయితే ఆ పేజీని కత్తిరించి పుస్తకాల మధ్య దాచుకునే ఇంజినీరింగ్ విద్యార్థులను నేనెరుగుదును. దాదాపు ముప్పై ఏళ్లు ఈ ప్రాంతంలో ఫ్లూయిడ్ మెకానిక్స్, అంటే గాలి, నీరు వంటి వాటి ప్రవాహాల శాస్త్రం, చెప్పినవాణ్ణి గనుక, ఆ వాక్యం చెల్లని చోటు గురించీ, అంతకంటే ముఖ్యంగా ఆ చోటును మన కళాశాలల్లో నేర్పుతున్న తీరు గురించీ రాయక తప్పలేదు.

గోల్ఫ్ బంతి ఒంటినిండా గుంటలే ఉంటాయి. అంతే పరిమాణం గల నున్నటి బంతిని అంతే బలంగా కొట్టినా అది అంత దూరం పోదు. బంతిని ఆనుకుని సాగే పలుచని గాలిపొరను ఈ గుంటలు చెదరగొట్టి సుడులమయం చేస్తాయి. ఆ సుడులు పైనున్న వేగమైన గాలిని కిందికి దింపి, రాపిడితో నీరసించిన గాలికి ఊపునిస్తాయి గనుక, పొర బంతి వెనుక వైపు దాకా అంటిపెట్టుకుని ఉండి ఆలస్యంగా విడిపోతుంది. బంతి వెనుక ఏర్పడి దాన్ని వెనక్కి లాగే అల్పపీడన ప్రాంతం సన్నబడుతుంది. ఉపరితలం మీది రాపిడి కాస్త పెరిగినా మొత్తం అడ్డు సుమారు సగానికి పడిపోతుంది. క్రికెట్‌లో కొత్త బంతి స్వింగ్ కావడానికి మూలమూ ఇదే: కుట్టు ఉన్న వైపు పొర ముందుగా సుడులు తిరిగి ఆలస్యంగా విడిపోతుంది, రెండోవైపు అలా జరగదు, బంతి ఒక పక్కకు ఒరుగుతుంది.

ఈ సంగతి ఎవరో సమీకరణం నుంచి రాబట్టింది కాదు. పారిస్‌లో టవర్ కట్టిన ఈఫిల్ తన జీవిత చరమాంకంలో గాలి ప్రయోగాలు చేస్తూ, ఒక వేగం దాటాక గోళం మీద అడ్డు ఒక్కసారిగా తగ్గిపోతోందని 1912లో చూపించారు. ఆయన కొలతలకూ జర్మనీలోని గాటింగెన్ కొలతలకూ పొంతన కుదరలేదు. 1914లో గాటింగెన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంట్ల్ ఒక గోళం చుట్టూ సన్నని తీగను ఉంగరంలా చుట్టి గాలి సొరంగంలో, అంటే నమూనాల మీదికి గాలిని తోసి పరీక్షించే గొట్టంలో, ఉంచారు. నున్నటి గోళానికి గరుకుతనం జోడిస్తే అడ్డు తగ్గింది. తగవు తీర్చింది ఆ తీగే.

ఆ గాలిపొరకు బౌండరీ లేయర్ అని పేరు. సరిహద్దు పొర అంటే మన విద్యార్థికి ఇంకా త్వరగా బోధపడుతుందని నా అభిప్రాయం, కానీ పరీక్ష పేపర్లో ఆ మాట రాస్తే మార్కులు వేసేవారు తక్కువ. 1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన గణిత శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభలో అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ల ప్రాంట్ల్ ఈ భావనను కొద్ది నిమిషాల ప్రసంగంలో వివరించారు: గోడను తాకిన ద్రవం గోడతోపాటే నిలిచిపోతుంది, కొద్ది దూరం పోయేసరికి పూర్తి వేగం అందుకుంటుంది, స్నిగ్ధత, అంటే ప్రవాహంలోని జిగట గుణం, దాని ప్రతాపమంతా ఆ సన్నని మేరలోనే. దీన్ని పొలంలో చూడని వారెవరు? ధాన్యం తూర్పారబట్టే రైతు ఎత్తు పీట ఎక్కి చేట ఎత్తడానికి, గింజకూ పొట్టుకూ విడిపోయే వ్యవధి కావాలన్నది ఒక కారణమైతే, నేల దగ్గర గాలి మందగించి పైకి పోయేకొద్దీ జోరందుకోవడం మరో కారణం. సంక్రాంతికి డాబా మీద గాలిపటం ఎగరేసే పిల్లవాడికీ ఇది తెలుసు. కాకతీయ కాలువ గట్టు పక్కన వేసిన ఆకు మెల్లగా తచ్చాడుతుంటే, నడిమధ్య వేసింది చూస్తుండగానే వంతెన దాటిపోతుంది.

పొర ప్రశాంతంగా, ఒక వరుస మీద మరో వరుస జారుతున్నట్టు సాగినంతకాలం లెక్క సులువు. ప్రాంట్ల్ శిష్యుడు బ్లాసియస్ 1908లోనే పలుచని పలక మీది పొరకు దాన్ని తేల్చేశారు. అది టర్బులెంట్‌గా, అంటే సుడులమయంగా, మారిన క్షణం నుంచే చిక్కు మొదలవుతుంది. ఒక మీటరు పొడవున్న పలక మీద సెకనుకు 15 మీటర్ల గాలి వీస్తోందనుకోండి. పొర ప్రశాంతంగా ఉంటే పలక చివర దాని మందం 5 మిల్లీమీటర్లు. మొదటి నుంచీ సుడులతో ఉంటే 23 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అయినా గోడను అంటిపెట్టుకుని స్నిగ్ధతే ఏలే అడుగు పొర మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. పరిశోధకుడు పట్టుకోవాల్సింది అక్కడే: నెమ్మదైన చారలు గోడ వెంట సాగి, ఉండుండి పైకి లేచి, ఊగి, ఛిద్రమై కొత్త సుడులను పుట్టిస్తాయి. ఈ లెక్కలో చారకూ చారకూ మధ్య దూరం సుమారు రెండు మిల్లీమీటర్లు. మన ప్రయోగశాలల్లో గాలి వేగం కొలిచే పిటో గొట్టం మూతే ఒక మిల్లీమీటరుంటే అది ఆ అడుగు పొరలోకి ఎలా దూరుతుంది? అందుకే అయిదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం గల టంగ్‌స్టన్ తీగను వేడిచేసి, గాలి దాన్ని చల్లార్చే తీరును బట్టి వేగాన్ని చదువుతారు.

ఇది విమానాల వారి గొడవే అనుకోనక్కరలేదు. దేవాదుల పథకం కింద గోదావరి నీటిని ధర్మసాగర్ చెరువు దాకా తెచ్చే మోటార్లు ఎత్తుతోనే కాదు, పైపు గోడ రాపిడితోనూ పోరాడాలి. ఆ రాపిడి పుట్టేది ఈ సుడుల పొరలోనే. 1933లో పరిశోధకుడు నికురాడ్సే పైపుల లోపల ఇసుక రేణువులు అతికించి చేసిన కొలతల వల్ల తేలినదేమంటే, గరుకు అడుగు పొరలో మునిగిపోయేంత చిన్నదైతే నీటికి అది లేనట్టే. అంతకు మించి పొడుచుకు వస్తే రాపిడి పెరుగుతుంది. బంతికి మేలు చేసిన గరుకే పైపుకు చేటు.

ఇక కళాశాలల సంగతి. నేను కొంతకాలం పనిచేసిన ఒక కళాశాలలో గాలి సొరంగం ఉండేది. దాని మీద టార్పాలిన్ కప్పి ఉండేది. తనిఖీ బృందం వచ్చిన రోజు తీసేవారు, వెళ్లాక మళ్లీ కప్పేవారు. విద్యార్థులు చేసేదల్లా కంప్యూటర్‌లో ఎరుపు, నీలం రంగుల బొమ్మలు తీసి రికార్డులో అతికించడం. ఒకసారి వైవాలో ఒక అబ్బాయిని, ఆ సాఫ్ట్‌వేర్ సుడులను లెక్కగట్టడానికి వాడే కె-ఎప్సిలాన్ మోడల్‌లో 0.09 అన్న సంఖ్య ఎక్కడిదని అడిగాను. ‘డిఫాల్ట్ వాల్యూ, సార్’ అన్నాడు. తప్పు అతనిది కాదు. గోడకు దగ్గరగా సుడులు మోసే కోత ప్రతిబలానికీ (పక్కపక్క పొరలు ఒకదాన్నొకటి లాగే బలానికీ) వాటి గతిశక్తికీ నిష్పత్తి సుమారు 0.3 అని ప్రయోగాల్లో కొలిచారు. దాని వర్గమే ఆ 0.09. ఎవరో తీగ పట్టుకుని రోజుల తరబడి తీసిన కొలత ఆ రంగుల బొమ్మ అడుగున ఉందని అతనికి చెప్పినవారు లేరు.

శ్రీహరికోట కేంద్రానికి పేరున్న సతీశ్ ధవన్‌ను మనం రాకెట్ల మనిషిగానే ఎరుగుదుం. అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో 1951లో ఆయన డాక్టరేట్ పొందింది పలక మీద గాలి రాపిడిని నేరుగా కొలిచినందుకు: పలకలో చిన్న ముక్కను విడిగా కదిలేలా అమర్చి, గాలి దాన్ని ఎంత లాగుతోందో చదివారు. తరువాత బెంగళూరులో ఆయనా, ఆయన శిష్యుడు రొద్దం నరసింహా ప్రశాంతమైన పొర సుడుల పొరగా మారే దశపై 1958లో ప్రచురించిన పత్రాన్ని నేటికీ పరిశోధకులు ఉటంకిస్తారు.

1959లో పునాది పడిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, నేటి వరంగల్ ఎన్ఐటీ, ఉన్న ఊరు మనది. చుట్టూ ప్రైవేటు కళాశాలలు అనేకం. కొత్తగా కోట్లు ఖర్చు పెట్టమని నేను అడగడం లేదు. ప్రాంట్ల్ తొలినాటి నీటి తొట్టిలో చక్రాన్ని చేత్తోనే తిప్పేవారు, ప్రవాహం కనబడడానికి అభ్రకపు రేణువులు వాడారు. అలాంటి తొట్టిని మన వర్క్‌షాపుల్లో విద్యార్థులే ఒక సెమిస్టర్‌లో చేయగలరు. ఉన్న సొరంగాల మీది కప్పు తీసి, సిలబస్‌లో కనీసం ఒక ప్రయోగాన్ని రంగుల బొమ్మతో కాక, పలక నుంచి అర మిల్లీమీటరు చొప్పున జరుపుతూ చదివిన వేగాలతో పూర్తి చేయాలని విశ్వవిద్యాలయాలు నిబంధన పెడితే చాలు. ఆ గ్రాఫు నునుపుగా రాదు, చుక్కలు అటూ ఇటూ పడతాయి. పడనివ్వండి.

మీ వ్యాసంతో వేసిన బొమ్మలో కారు వెనుక గాలి రేఖలు ఎక్కడా విడిపోకుండా చక్కగా కలిసిపోయినట్టు చూపారు. నిజమైన కారు వెనుక అలా జరగదు, అడ్డులో పెద్ద భాగం ఆ విడిపోయిన చోటే పుడుతుంది. వచ్చే వారం ఆ బొమ్మను సరిచేసి, వీలైతే దాని పక్కనే గోల్ఫ్ బంతి బొమ్మ కూడా వేయగలరని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెకానికల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
హనుమకొండ.