ఫొటో విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీరే అడిగారు, ఏటా అవే మెరీనా సూర్యోదయాలేనా, కొత్తగా ఏదైనా చెయ్యండని. అందుకే ఈ ఏడాదంతా తమాషా ఫొటోలకే కేటాయించాం. రెండు మూడు ఫొటోలను కంప్యూటర్లో కలిపి, లేనిదాన్ని ఉన్నట్టు, గోరంతను కొండంతగా చూపించి నవ్వించే బొమ్మలన్నమాట.

ప్రతి రెండో ఆదివారం మన హాల్లోనే తరగతులు పెట్టాం. ఫొటోషాప్‌కి చందా కట్టడం అందరి వల్లా కాదు కాబట్టి ఉచితంగా దొరికే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌తోనే నేర్పించాం. లేయర్లు (ఒకదానిమీద ఒకటి పరిచే బొమ్మల పొరలు), మాస్కులు (పొరలో అక్కర్లేని భాగాన్ని చెరపకుండా దాచే ముసుగులు), క్లోన్ (ఒకచోటి బొమ్మను మరోచోట అద్దే పనిముట్టు) అన్నీ అందులోనూ ఉన్నాయి. మొదటి తరగతికి, ఒకప్పుడు వడపళని స్టూడియోల్లో కెమెరా అసిస్టెంటుగా చేసిన మన పెద్దాయన వచ్చారు. ద్విపాత్రాభినయం తీయాలంటే లెన్సులో సగానికి నల్ల అట్ట అడ్డుపెట్టి ఒకసారి, ఫిల్మ్ వెనక్కి తిప్పి రెండో సగానికి అడ్డుపెట్టి మరోసారి ఎలా తీసేవారో అట్టముక్క పట్టుకుని మరీ చూపించారు. "మీరు మౌస్‌తో పెట్టే మాస్కు ఇదేనమ్మా" అన్నారు. అప్పటిదాకా రబ్బరుతో చెరిపేస్తూ తంటాలు పడుతున్నవాళ్లకు ఆ ఒక్క మాటతో దారి దొరికింది. 1957లో మాయాబజార్‌కి మార్కస్ బార్ట్‌లీ కెమెరా పట్టింది ఈ ఊళ్లోనే కదా, ఆ లడ్లు ఘటోత్కచుడి నోట్లోకి ఎలా ఎగిరాయని పిల్లలు ఆయన్ని భోజనాల వేళ దాకా వదల్లేదు. వారికి సంఘం తరఫున పాదాభివందనాలు.

ఇక ఉగాది ప్రదర్శన. ఇది మనందరం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. మౌంట్ రోడ్డు ఎల్‌ఐసీ బిల్డింగును టిఫిన్ క్యారియర్‌లా చేత్తో పట్టుకుని ఆఫీసుకు బయల్దేరిన కోశాధికారిగారి ఫొటో ముందు రోజంతా జనం తగ్గలేదు. అయితే అన్నిటికన్నా శ్రమపెట్టింది ఆవకాయ జాడీలోంచి తల బయటపెట్టిన అధ్యక్షులవారి బొమ్మ. జాడీ మీద వెలుతురు ఎడమవైపు నుంచి పడింది కాబట్టి వారినీ ఎడమవైపు కిటికీ ఉన్నచోటే కూర్చోబెట్టి, జాడీని తీసినట్టే కాస్త పైనుంచి తీశాం. అయినా మొదట్లో కత్తిరించి అంటించినట్టే కనిపించింది. జాడీ అంచు మీద గడ్డం నీడ లేదు! వేరే లేయరులో, కింది రంగును ముదురుగా చేసే మల్టిప్లై మోడ్‌లో, నలుపు కాకుండా ముదురు గోధుమరంగు నీడ వేసి అంచులు మెత్తగా బ్లర్ చేశాం. అప్పటికీ ఏదో వెలితి. ఎర్రటి నూనె అంత దగ్గరగా ఉంటే ఆ ఎరుపు గడ్డం కింద పడాలి కదా అని మన బృందంలోని ఒక అమ్మాయి పట్టుకుంది. పల్చగా ఎరుపు అద్దగానే తల నిజంగా జాడీలో కూర్చుంది. "ఇంత పెద్ద జాడీ ఎక్కడ దొరికింది, ప్యారీస్ కార్నర్ బజారులోనా?" అని ఒక పిన్నిగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు.

ఒక ముఖ్యమైన మాట. వానాకాలంలో ఒక సభ్యుడు ఉస్మాన్ రోడ్డు నీళ్లలో మొసలి ఈదుతున్నట్టు బొమ్మ చేశాడు. కింద 'సరదా చిత్రం' అని రాశాడు కూడా. ఎవరో ఆ అడుగుభాగం కోసేసి వాట్సాప్‌లో పంపించారు. ఆ రాత్రి నాకు వచ్చిన ఫోన్లలో ఒకటి, పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురావడానికి భయపడుతున్న తల్లిది. ఇంగ్లండులో 1917లో కాటింగ్లీ అనే ఊళ్లో ఇద్దరు అమ్మాయిలు కాగితపు దేవకన్యలను గుండుసూదులతో నిలబెట్టి ఫొటోలు తీస్తే, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ అంతటివాడు నమ్మాడు. అవి కాగితపు బొమ్మలని వాళ్లు ఒప్పుకున్నది 1983లో. అందుకే ఇకపై 'కల్పిత చిత్రం' అన్న మాట బొమ్మ మధ్యలోనే పడాలని, ఎవరి ముఖం వాడినా ముందుగా వాళ్లనడగాలని కార్యవర్గం తీర్మానించింది. దీనికి మినహాయింపు లేదు.

ప్రదర్శన పార్కులో పెట్టాలన్నది మన కోరిక. అనుమతి కోసం సంబంధిత కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. సంతకం పెట్టవలసిన అధికారి నాలుగుసార్లూ సీట్లో లేరు. చివరికి మన హాల్లోనే సర్దుకున్నాం. పేర్లిచ్చిన కుర్రాళ్లలో ఫ్రేములు మొయ్యడానికి వచ్చింది ముగ్గురే. అరవై దాటినవాళ్లు నిచ్చెనలెక్కి మేకులు కొట్టడం చూసి నాకు చాలా బాధ కలిగింది. రాలేనివారు ముందురోజైనా చెప్పాలి.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డులో ఉంది. ప్రింటింగ్ ఖర్చు అనుకున్నదానికన్నా పెరిగింది, పాత మిగులుతో సర్దాం.

హాలు ఇచ్చిన కార్యవర్గానికి, ల్యాప్‌టాప్‌లు తెచ్చిన ఐటీ మిత్రులకు, ప్రతి తరగతికీ ఇంటి నుంచి పులిహోర పంపిన మాతృమూర్తులకు, చివరి ఫ్రేము దించేదాకా ఉన్న వాచ్‌మన్‌కు కృతజ్ఞతలు.

తరగతికి వచ్చేవారికి ఒక మనవి: జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఊరుకోకండి, లేయర్లను విడివిడిగా దాచే గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలు కూడా సేవ్ చెయ్యండి. పోయిన నెల నలుగురి లేయర్లు అలాగే పోయాయి, వాళ్లు మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సి వచ్చింది.

ఇట్లు,
కార్యదర్శి, చెన్నై