ఏడో చట్రంలోని అంకె

తాళ్ళరేవు,
జూలై 22.

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వానలు మొదలైనప్పటి నుంచి నాయనమ్మకు మోకాలి నొప్పి కొంచెం ఎక్కువైంది గాని, పంచాంగం విప్పి తిథి చెప్పే ఓపిక మాత్రం తగ్గలేదు.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసి, కోరంగి మడ అడవి బురదలో తాడు వెంట చట్రం దించుతూ పీత కలుగులు లెక్కపెట్టావే, ఆ వైశాఖ పౌర్ణమి లెక్కలో రెండో తాడు మీద ఏడో చట్రంలో 23 పీత కలుగులుంటే, తరువాతి అమావాస్యకు అదే చోట ఎనిమిదే ఎలా మిగిలాయో అంతుపట్టడం లేదన్నావు. పదిహేను రోజుల్లో ఉప్పదనం అంతగా పెరిగిందా అని మీ మేడం అడిగారనీ, దానికి కారణం వెతుకుతూ రెండు రోజులుగా పాత వ్యాసాలు చదువుతున్నాననీ కూడా చెప్పావు. నేను "ఏమోనమ్మా" అని ఊరుకున్నాను. అలా ఊరుకోకుండా ఉండవలసింది. ఆ 23 నువ్వు లెక్కపెట్టిన అంకె కాదు. నేను వేసిన అంకె. ఫోన్లో చెప్పబోతే దాన్ని నవ్వులో కలిపేస్తానేమోనన్న అనుమానంతో, రేపు మీ మేడంకు చూపించవలసి వచ్చినా పనికివస్తుందన్న ఆలోచనతో, ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ఏప్రిల్‌లో నువ్వు సెలవులకు వస్తూ వస్తూనే అరమీటరు చదరానికి చట్రం కావాలంటే, అరంగుళం పైపు నాలుగు ముక్కలు కోసి, నాలుగు మూలలకు ఎల్బోలు పెట్టి, గమ్ము పూసి ఎండబెట్టి ఇచ్చాను. నా పనితనానికి నేనే మురిసిపోతుంటే, మొదటి రోజే అది పాయ అంచున నిలిచిన నీళ్ళలో తెప్పలా తేలి పక్కకు జరిగిపోయింది. ఆ రాత్రి మేకు ఎర్రగా కాల్చి పైపు పొడవునా బెజ్జాలు పెడితే గాని నీళ్ళు లోపలికి దిగి బురద మీద కుదురుగా కూర్చోలేదు. పిన్ని పెళ్ళిలో కూడా నువ్వు ఆ బెజ్జాల కథే అందరికీ చెప్పావు.

నాకు తెలిసిన కోరంగి వేరు. చిన్నప్పుడు చొల్లంగి అమావాస్యకు స్నానానికి వెళ్ళడం, రోడ్డు మీద నుంచి ఆ పచ్చదనం చూడడం తప్ప, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ మడ అడవిలోకి నేను దిగింది నీతోనే, నీ చేతిలోని అటవీశాఖ అనుమతి కాగితం పుణ్యాన. నల్ల మడ, తెల్ల మడ వేరుచేసి చూపించి, తెల్ల మడ ఆకు అడుగున నాలుక ఆనించమన్నావు, ఉప్పు. చెట్టు తాగిన ఉప్పును ఆకు బయటికి చెమటలా పంపేస్తుందని నువ్వు చెప్పగానే, ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక ఫ్యాను కింద చెమటోడ్చినవాడికి ఆ చెట్టు మీద కొంచెం గౌరవం కలిగింది. బురదలోంచి వేలకొద్దీ పెన్సిళ్ళు నిలబెట్టినట్టు పైకి వచ్చిన ఊపిరి వేళ్ళు తొక్కకుండా నడవమని నువ్వు ఎన్నిసార్లు హెచ్చరించినా, నా కుడికాలు మోకాలి దాకా దిగబడి, చెప్పు లోపలే ఉండిపోయింది. దాన్ని లాగినప్పుడు వచ్చిన కుళ్ళిన గుడ్డు వాసనకు నాయనమ్మ మనిద్దరినీ గుమ్మం బయటే ఆపి, నూతి దగ్గర నాలుగు బకెట్లు కుమ్మరించుకున్నాక గాని లోపలికి రానివ్వలేదు. గాలి చొరని ఆ బురదలో బతికే సూక్ష్మజీవులు వదిలే వాయువు అది అని నువ్వు వివరించబోతే, "ఏ జీవి వదిలితేనేం, తలుపు దగ్గర వదలకండి" అంది.

నీ ఫోన్లోని పోటుపాట్ల పట్టికకూ ఆవిడ పంచాంగానికీ వేసవంతా సాగిన పోటీ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకూ పెద్ద పాటు, అష్టమి నవములకు నీళ్ళు కదలవు, పోటు రోజుకు రెండు గడియల చొప్పున ఆలస్యమవుతుంది అని ఆవిడంటే, నువ్వు సుమారు 50 నిమిషాలన్నావు; రెండు గడియలంటే 48 నిమిషాలని లెక్క కట్టింది మాత్రం నేనే. పెద్ద పాటు మన వైపు మధ్యాహ్నం పూట పడడంతో ఆ మండుటెండలోనే బయలుదేరవలసి వచ్చేది. ముంజలు తినే వేళకు పిల్లను బురదలోకి తీసుకుపోతున్నారని మీ అమ్మ నన్ను అనేది గాని, తీసుకుపోతున్నది ఎవరో ఆవిడకూ తెలుసు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని నాయనమ్మ చెప్పినప్పటి నుంచి నువ్వు నల్లకళ్ళజోడు తీయలేదు. ఆ ఒక్క విషయంలో మీ పుస్తకమూ ఆవిడ మాటా కలిశాయి.

ఇక ఆ వైశాఖ పౌర్ణమి రోజు సంగతి. అప్పటికే చెప్పు పోగొట్టుకున్న అనుభవం ఉండడంతో నేను పడవలోనే కూర్చుని అంకెలు వేసే పుస్తకం పట్టుకున్నాను. వేట నిషేధం రోజులు గనుక మర పడవలన్నీ కట్టేసి ఉండడం వల్ల పాయలో అలికిడి లేదు గాని, మధ్యాహ్నం దాటగానే సముద్రం వైపు నుంచి గాలి లేచింది. నువ్వు తాడు వెంట పది మీటర్లకొక చోట చట్రం దించి, వంగి, కలుగులు లెక్కపెట్టి, అంకె కేకవేసేదానివి. ఆరో చట్రానికి 19. ఏడో చట్రం దగ్గర నువ్వు చాలాసేపు నిలబడ్డావు. నేను ఆ సమయంలో పడవ పక్కనే ఒక మగ పీతను చూస్తున్నాను. ఒళ్ళంత ఉన్న పెద్ద చెయ్యి పైకెత్తి రమ్మన్నట్టు ఊపుతూ, రెండో చేత్తో బురద చిటికెడు చిటికెడుగా నోట్లో పెట్టుకుని, ఆవాల్లాంటి ఉండలు పక్కకు వదులుతోంది. ఆడపీతకు రెండు చేతులూ చిన్నవే గనుక రెండింటితోనూ తింటుందని, మగదానికి ఒక చెయ్యి ఆర్భాటానికే సరిపోతుందని నువ్వన్న మాట గుర్తుకొచ్చి నవ్వుకుంటున్నాను. అంతలో నువ్వు ఏదో అరిచావు. గాలి ఎత్తుకుపోయింది. నేను తలెత్తేసరికి నువ్వు ఎనిమిదో చోటికి నడుస్తున్నావు. నీళ్ళు తిరిగాయని పడవతను తొందరపెట్టడం మొదలుపెట్టాడు. ఎనిమిదో చట్రానికి 27 స్పష్టంగా వినిపించింది.

వినపడకపోతే గీత పెట్టమని మొదటి రోజే నువ్వు చెప్పావు. గీత పెట్టలేదు. 19కీ 27కూ నడుమ 23 వేశాను. సాయంత్రం నగదు సరిపోకపోతే ఇంటికి వెళ్ళనివ్వని ఉద్యోగం చేసినవాడికి ఖాళీ గడి చూస్తే చెయ్యి ఆగదు. అంతకంటే గట్టి సంజాయిషీ నా దగ్గర లేదు. పైగా కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అంకె మీద అంకె దిద్దితే, ఒక్క గీతతో కొట్టివేసి పాతది కనబడేలా ఉంచి పక్కన సంతకం చెయ్యమని మందలించినవాణ్ణి నేనే.

ఆ రాత్రి తమ్ముడు అంకెలు చదువుతుంటే నువ్వు సగం నిద్రలో కంప్యూటర్లో ఎక్కిస్తూ, "రెండో తాడు ఎంత నున్నగా పెరిగిందో చూడండి నాన్నా" అన్నావు. అప్పుడు చెప్పవలసింది. పడుకోబోయేముందు పిల్ల సంతోషాన్ని చెడగొట్టడం ఎందుకనుకున్నాను; మర్నాటికి అది చిన్న విషయమైంది; వారానికి మరిచిపోయాను.

నువ్వు ఫోన్ పెట్టేశాక మరో సంగతి తట్టింది. ఆ కేకలో అంకె ఒక్కటే లేదు, ఇంకేవో మాటలున్నాయి. వాటిలో "గేదె" అన్న ముక్క నా చెవిన పడిందని ఇప్పుడనిపిస్తోంది. ఇప్పుడనిపించడానికీ అప్పుడు వినడానికీ తేడా ఉందని నాకు తెలుసు గనుక దాన్ని సాక్ష్యంగా రాయడం లేదు. నిన్న పడవతను సంతలో కనబడితే అడిగాను. అడవిలో తిరిగే గేదెల మంద వైశాఖంలో అటే దబ్బగడ్డి కోసం దిగేదని, వాటి దారి రెండో తాడును అడ్డంగా కోస్తుందని అన్నాడు. అదే నిజమైతే నేల తొక్కుడుపడి కలుగులు అప్పటికే తక్కువై ఉంటాయి. పౌర్ణమికి ఎక్కువా లేదు, అమావాస్యకు తగ్గిందీ లేదు. లేని పతనానికి నువ్వు ఉప్పదనంలో కారణం వెతుకుతున్నావు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక దవళేశ్వరం దిగువకు మంచినీళ్ళు పెద్దగా రావు గనుక వేసవిలో పాయ నీళ్ళు ఉప్పెక్కుతాయన్నది సబబే. అయితే ఆ ఉప్పు పది మీటర్ల అవతల 27 కలుగులను వదిలి ఇక్కడ మాత్రమే పనిచేసిందంటే మీ మేడం ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆ రోజు తీసిన ఫోటోలు నీ ఫోన్లో ఉంటే గిట్టల గుర్తులేమైనా పడ్డాయేమో చూడు.

ఆ అంకెల పుస్తకం నీలం సంచిలో ఉంది. పదిహేడో పేజీలో ఆ 23ను ఒక్క గీతతో కొట్టి పక్కన గీత పెట్టు. సంతకం నాది కావాలి గనుక, ఈ ఉత్తరం చివర పెట్టిన నా సంతకం కత్తిరించి అక్కడ అంటించినా సరే. మొత్తం 150 చట్రాల్లో నేను ఊహించి వేసింది అదొక్కటే. ఆదివారం నుంచి నా దగ్గరున్న ప్రతిని మూడుసార్లు తిరగేశాను. మూడో తాడు నాలుగో చట్రంలోని 11, ఏప్రిల్ అమావాస్య నాటిది, తడికి అలికిపోయి 17లా కనిపిస్తుంది; అది 11 అని మాత్రం గట్టిగా చెప్పగలను.

గోదావరిలో ఎర్రనీరు వచ్చింది. పాయ నిండా టీ రంగు నీళ్ళేనట, రుచి చూస్తే ఉప్పు తెలియడం లేదట. చట్రం ఒక ఎల్బో ఊడిపోతే మళ్ళీ అతికించి అటక మీద పెట్టాను. ఆవకాయ జాడీ తమ్ముడితో పంపుతున్నాను, మూత మీది గుడ్డ నాయనమ్మ కట్టింది, దారిలో విప్పవద్దంది. దసరాకు వచ్చినప్పుడు మళ్ళీ లెక్కపెట్టాలన్నావుగా. పుస్తకం తమ్ముడికి ఇవ్వు, నేను బురదలో దిగి తాడు చివర పట్టుకుంటాను.

ఆశీస్సులతో,
నాన్న