డాంగిల్ వెనక్కి తెచ్చేయండి, డబ్బులిచ్చేస్తాను

మన తెనాలి షాపులో టీవీ, కంప్యూటర్ సామాన్లు కొనేవాళ్లందరికీ నమస్కారం. ఇది ఆఫర్ గురించి కాదు. నా వల్ల జరిగిన ఒక పొరపాటు గురించి, మీలో కొందరికి నేను తిరిగివ్వాల్సిన డబ్బుల గురించి.

కిందటి దసరాకి షాపు ముందు ఒక బోర్డు పెట్టాను, గుర్తుండే ఉంటుంది. ‘ఏ లాప్‌టాప్ అయినా, ఏ టీవీకైనా, వైరు లేకుండా!’ అని. కింద డాంగిల్ (లాప్‌టాప్ తెరని వైరు లేకుండా టీవీలో చూపించడానికి టీవీకి తగిలించే చిన్న పరికరం) బొమ్మ, 1,850 రూపాయల ధర. దసరా నుంచి ఉగాది దాకా 46 అమ్మినట్టు నా నోట్‌బుక్‌లో ఉంది. వాటిలో 17 తిరిగొచ్చాయి. మొదట్లో వచ్చినవాళ్లకి ‘మీ వైఫై స్లో అయ్యుంటుందండీ’, ‘లాప్‌టాప్ పాతది కదండీ’ అని ఏదో ఒకటి చెప్పి పంపేశాను. కొన్నిచోట్ల అది నిజం కూడా. కానీ పదిహేడో మనిషి కవరులో డాంగిల్ పెట్టుకుని మెట్లెక్కుతుంటే చూసి నాకే సిగ్గేసింది. ఆయన ఎవరో కాదు, ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు.

మాస్టారి అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే, వాళ్లకి శనివారం రాత్రి, మనవడితో వీడియో కాల్. ఫోన్‌లో చూస్తే మొహం అగ్గిపెట్టంత కనిపిస్తోందని, లాప్‌టాప్‌లో మాట్లాడుతూ టీవీలో చూడాలని ఆయన కోరిక. నేను డాంగిల్ అంటగట్టాను. బొమ్మ రెండు నిమిషాలు వస్తుంది, ఆగుతుంది, తర్వాత డాంగిలే ఆరిపోతుంది. ఇదీ కంప్లయింట్. ఆ ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లాను.

వెళ్లి చూస్తే గోడకి 43 అంగుళాల టీవీ, దాని వెనక నేనిచ్చిన డాంగిల్ వేలాడుతోంది. దానికి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే. అలా పెట్టుకోమన్నది నేనే, విడిగా అడాప్టర్ కొనక్కర్లేదు కదా అని. చాలా టీవీల్లో ఆ పోర్టు ఇచ్చేది అర ఆంపియర్. డాంగిల్‌కి 1 ఆంపియర్ కావాలని పెట్టె మీదే చిన్న అక్షరాల్లో ఉంది. 46 పెట్టెలు అమ్మిన నేను ఆ పెట్టె ఒక్కసారి తిప్పి చదవలేదు. మామూలు ఫోన్ చార్జర్ తెచ్చి పెడితే ఆరిపోవడం ఆగింది.

బొమ్మ ఆగిపోవడం మాత్రం ఆగలేదు. రౌటర్ ఎక్కడుంది అంటే లోపలి గదిలో ఇనప బీరువా మీద, పట్టుచీరల సూట్‌కేసు వెనకాల. దుమ్ము పడకుండా దాని మీద ఒక తువ్వాలు కూడా. ఇనుము అడ్డం, మధ్యలో రెండు ఇటుక గోడలు. పైగా వీడియో కాల్ అంటే లాప్‌టాప్ రౌటర్ నుంచి డాలస్ బొమ్మని తీసుకోవాలి, అదే సమయంలో దాన్ని టీవీకి పంపాలి. లాప్‌టాప్‌లో వైఫై రేడియో మామూలుగా ఒక్కటే ఉంటుంది. రెండు పనులూ అదే చెయ్యాలి. రౌటర్‌ని హాల్లో కిటికీ గట్టు మీదకి మార్చాం. నయమైంది.

అప్పుడు కాల్ కలిపాం. మనవడు టీవీ నిండా కనిపించాడు. మాస్టారు సోఫాలో కూర్చుని టీవీని చూసి నవ్వుతున్నారు. అవతల నుంచి పిల్లాడు, ‘తాతయ్యా, నీ చెవి ఒక్కటే కనిపిస్తోంది’ అన్నాడు. నిజమే మరి! కెమెరా ఉన్నది లాప్‌టాప్‌కి, అది పక్కన టీపాయ్ మీద ఉంది. మాస్టారు చూస్తున్నది టీవీని. దానికి తోడు పిల్లాడి మాట టీవీ స్పీకర్‌లో వచ్చి, లాప్‌టాప్ మైకులో దూరి, కాస్త ఆగి వాడికే వినిపిస్తోంది. వాడికి అది ఆటయిపోయింది. ‘హలో హలో’ అంటూ తన గొంతు తనే విని పకపకా నవ్వుతున్నాడు.

లాప్‌టాప్‌ని ఎత్తు స్టూల్ మీద పెట్టి టీవీ కిందకి జరిపాను. మైకు స్పీకర్లకి మరీ ఎదురుగా లేకుండా కొద్దిగా పక్కకి తిప్పి, టీవీ సౌండ్ తగ్గించాను. చెవి పోయి మొహం వచ్చింది, హలోలు ఆగాయి. అప్పుడు కదా నాకు వెలిగింది, లాప్‌టాప్‌కీ టీవీకీ మధ్య ఇప్పుడు ఉన్నది మూడడుగుల దూరం. సంచిలోంచి రెండు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్, అంటే బొమ్మనీ మాటనీ నేరుగా టీవీకి మోసే వైరు, తీసి తగిలించాను. ఆగడం లేదు, ఆలస్యం లేదు, పాస్‌వర్డ్ లేదు. మాస్టారు కళ్లజోడు పైకి తోసి, ‘ఒరేయ్, మూడడుగులకి గాల్లోంచి ఎందుకురా పంపించావు?’ అన్నారు. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే అడిగిన గొంతే. కేబుల్ ఖరీదు 300.

ఆ తర్వాత రెండు ఆదివారాలు మిగతావాళ్లిళ్లకి వెళ్లాను, వీలుకానివాళ్లకి ఫోన్ చేశాను. తేలింది ఏమిటంటే, 46 మందిలో 19 మందికి డాంగిల్ అవసరమే లేదు. ఆ పని వాళ్ల టీవీలోనే ఉంది. అమ్మేముందు నేను అడగాల్సిన మాట ‘మీ టీవీ ఏదండీ’ అని. అడగలేదు.

లాప్‌టాప్ బొమ్మని వైరు లేకుండా టీవీకి పంపడానికి రెండు రకాల దారులున్నాయి, షాపుల్లో అందరం కలిపి ‘కాస్టింగ్’ అనేస్తాం. తికమక అంతా అక్కడే.

మొదటిది మిరాకాస్ట్. వైఫై అలయన్స్ అనే కంపెనీల సంఘం 2012లో తెచ్చింది. లాప్‌టాప్ తెర మీద ఏముందో ఉన్నదున్నట్టు టీవీకి నేరుగా పంపుతుంది, మధ్యలో రౌటర్ కూడా అక్కర్లేదు. విండోస్ 8.1 నుంచి ఇది కంప్యూటర్‌లోనే ఉంటోంది. రెండోది గూగుల్ కాస్ట్. క్రోమ్ బ్రౌజర్‌లో యూట్యూబ్ తెరిచి కాస్ట్ గుర్తు నొక్కితే లాప్‌టాప్ వీడియోని పంపదు. ఫలానా వీడియో అని టీవీకి చెప్తుంది, టీవీయే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. పేపర్లో వార్తని ఫోన్‌లో చదివి వినిపించడం ఒక పద్ధతి, ‘నాలుగో పేజీ చూడు’ అని చెప్పి పెట్టేయడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో లాప్‌టాప్ మీద బరువు ఉండదు, బొమ్మ బాగుంటుంది. కానీ లాప్‌టాప్, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఒకటి ఇంటి వైఫైలో, ఇంకోటి గెస్ట్ వైఫైలో ఉంటే ఒకదానికొకటి కనిపించవు. ఆఫీసు వీపీఎన్ (ఇంటి లాప్‌టాప్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నా అంతే. ఇంటి నుంచి పనిచేసే ఒకమ్మాయి వారం రోజులు నన్ను తిట్టుకుంది. చూస్తే వీపీఎన్ ఆపడం మర్చిపోయింది, పాపం.

మీ ఇంట్లో ముందు ఇది చేసి చూడండి. టీవీ రిమోట్‌తో ఇన్‌పుట్ లేదా యాప్స్ జాబితాలో స్క్రీన్ షేర్, స్క్రీన్ మిర్రరింగ్, వైర్‌లెస్ డిస్‌ప్లే లాంటి పేరు ఏదైనా ఉందేమో వెతకండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది. దాన్ని తెరిచి ఉంచి, లాప్‌టాప్‌లో విండోస్ బొమ్మ ఉన్న కీ, కె కలిపి నొక్కండి. పక్కన ఒక పట్టీ వచ్చి అందులో టీవీ పేరు కనిపిస్తే మీ పని అయిపోయినట్టే, మా షాపుకి రావద్దు. లాప్‌టాప్ మిరాకాస్ట్‌కి పనికొస్తుందా అన్నది తెలియాలంటే స్టార్ట్‌లో డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని ఇంగ్లీషులో కొట్టి, సమాచారమంతా ఫైలుగా సేవ్ చేసి, అందులో మిరాకాస్ట్ అన్న వరుస చూడండి. ‘అవైలబుల్’ అని ఉండాలి. గూగుల్ టీవీలు కొన్నిటిలో మిరాకాస్ట్ ఉండదు, కాస్ట్ మాత్రమే ఉంటుంది. అప్పుడు క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కితే కాస్ట్ దొరుకుతుంది.

మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లకి నేను క్షమాపణ చెప్పుకోవాలి. ఆపిల్‌వాళ్లది వేరే దారి, ఎయిర్‌ప్లే. మ్యాక్‌లో మిరాకాస్ట్ లేదు. నేను అమ్మిన డాంగిల్‌కి మిరాకాస్ట్ తప్ప ఇంకోటి రాదు. ‘ఏ లాప్‌టాప్ అయినా’ అని బోర్డు రాయించినవాడికి ఈ ముక్క తెలిసుండాలి. నలుగురు ఇంజనీరింగ్ పిల్లలు నా మాట నమ్మి కొన్నారు. ఇంకో పెద్దాయనకైతే వైఫై కార్డే లేని డెస్క్‌టాప్‌కి అమ్మాను. నెట్ వైరుతో వస్తోంది, గాల్లోకి పంపడానికి అందులో ఏమీ లేదు.

వైఫై నడిచే రేడియో బ్యాండ్లలో పాత రౌటర్లు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఇస్తాయి. అందులో ఒకదానికొకటి తగలకుండా వాడుకోదగ్గ చానెళ్లు మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ల రౌటర్లు ఆ మూడింటి మీదే పడతాయి. బ్లూటూత్ మౌస్, వంటింట్లో మైక్రోవేవ్ కూడా అక్కడే. మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే టీవీ, లాప్‌టాప్ రెండిటినీ దాని మీదకి మార్చండి. కాకపోతే అది గోడలు దాటి ఎక్కువ దూరం పోదు, అందుకని రౌటర్ హాల్లోనే ఉండాలి. బీరువా మీద మాత్రం వద్దు.

అపార్ట్‌మెంట్ అంటే గుర్తొచ్చింది. ఒక కుర్రాడు నా డాంగిల్ కాదని టీవీలో ఉన్న స్క్రీన్ షేర్‌తోనే కలిపాడు. ‘కనెక్టెడ్’ అని వచ్చింది, తన టీవీలో మాత్రం ఏమీ లేదు. నాలుగుసార్లు కలిపాడు. కాసేపటికి కింద ఫ్లాట్ పిన్నిగారు పైకొచ్చి, ‘మా సీరియల్ మధ్యలో మీ ఆఫీసు లెక్కలేంటి బాబూ?’ అన్నారట. రెండిళ్లలోనూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, లిస్టులో ఒకే పేరు! టీవీ సెట్టింగ్స్‌లో మీ టీవీకి వేరే పేరు పెట్టుకోండి, కొత్త పరికరం కలిసేటప్పుడు పిన్ అడిగేలా పెట్టుకోండి. పిన్నిగారు మంచావిడ కాబట్టి సరిపోయింది.

ట్యూషన్ చెప్పే టీచరుగారికి మాత్రం డాంగిల్ బాగా పనికొచ్చింది. ఆవిడ లాప్‌టాప్ చేత్తో పట్టుకుని పిల్లల మధ్య తిరుగుతూ పాఠం చెప్తారు, కేబుల్ అయితే ఎవరో ఒకరి కాలికి తగులుకుంటుంది. ఆవిడకొచ్చిన చిక్కు వేరు. పాఠం మధ్యలో చిట్టీ డబ్బులు ఎప్పుడిస్తావని ఎవరిదో మెసేజ్ టీవీలో పెద్దక్షరాలతో ప్రత్యక్షమైంది. విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకుంటే టీవీ రెండో తెరలా విడిగా ఉంటుంది. మనం అక్కడికి జరిపిన కిటికీయే పిల్లలకి కనిపిస్తుంది. నోటిఫికేషన్లు ఎలాగూ పాఠం సేపు ఆపేసుకోవడం మేలు.

ఓటీటీ సినిమా లాప్‌టాప్‌లో పెట్టి టీవీకి పంపితే ఒక్కోసారి మాట వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. అది డాంగిల్ జబ్బు కాదు, కాపీ కాకుండా వాళ్లు వేసిన తాళం. టీవీలోనే ఆ యాప్ ఉంటే అందులో చూసుకోండి. క్రికెట్ ఆలస్యంగా రావడం కూడా డాంగిల్ ఒక్కదాని తప్పు కాదు. పక్కింట్లో వికెట్ కేక వినిపించాక మన బౌలర్ పరిగెత్తడం మొదలుపెడుతున్నాడంటే అందులో ఎక్కువ పాలు నెట్ ప్రసారానిది. మిర్రరింగ్, అంటే తెరని ఉన్నదున్నట్టు టీవీకి పంపడం, దానికి ఇంకాస్త కలుపుతుంది.

ఇక నా వైపు నుంచి చేసేది. దసరా నుంచి ఉగాది లోపు ఆ డాంగిల్ కొన్నవాళ్లు, పనిచేసినా చెయ్యకపోయినా, వద్దనుకుంటే తెచ్చేయండి. 1,850 పూర్తిగా ఇస్తాను. బిల్లు లేకపోయినా ఫరవాలేదు, నోట్‌బుక్‌లో మీ పేరుంది. మొదట్లో కారణాలు చెప్పి పంపేసినవాళ్లకి నేనే ఫోన్ చేస్తున్నాను. ఒక్క మాట, అందరూ ఒకే రోజు వస్తే గల్లాపెట్టె తట్టుకోదు. హోల్‌సేల్ వ్యాపారి తిరిగొచ్చిన సరుకు తీసుకోనన్నాడు, ఆ నష్టం నాదే. రోజుకి నలుగురైదుగురు వస్తే ఈ నెలాఖరుకి అందరివీ తీర్చేస్తాను.

ఆ రకం డాంగిల్ తెప్పించడం మానేశాను. ఇకమీదట వైర్‌లెస్ కావాలని ఎవరొచ్చినా ముందు టీవీ వెనక స్టిక్కర్ ఫోటో, లాప్‌టాప్ రెండూ తీసుకురమ్మంటాను. అక్కడే షాపు టీవీకి కలిపి చూపించాకే డబ్బులు తీసుకుంటాను. ఇంటికొచ్చి చూడాలంటే 200 రూపాయలు. టీవీలో ఉన్నదాన్నే ఆన్ చేసి వచ్చేసినా ఆ 200 తీసుకుంటాను, పెట్రోలు ఉంది కదా. దానికి మొహమాటం లేదు. ఊళ్లో పెద్దవాళ్లకి, ముఖ్యంగా పిల్లలు బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి, కెమెరా ఎక్కడ పెట్టాలో చూపించి కాల్ కలిపి చూసి మరీ వస్తాను.

మాస్టారు ఇచ్చేసిన డాంగిల్ ఇప్పుడు షాపు టీవీకి ఉంది, ఫోన్ చార్జర్‌తో. పక్కనే మేకుకి రెండు మీటర్ల కేబుల్ కూడా వేలాడదీశాను. రెండూ పెట్టి చూసి ఏది కావాలో మీరే తేల్చుకోండి. పాత బోర్డు తీసేశాను కానీ పెయింటర్ ఇంకా కొత్తది ఇవ్వలేదు. ఈ వారం షాపు ముందు బోర్డు లేదని మూసేశాం అనుకోకండి, పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఉంటాను.