ఆ వాట్సాప్ స్టేటస్ సంగతి, మా ప్రెస్ తరఫున

వారం రోజులుగా కౌంటర్ దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరూ ఆ స్టేటస్‌కి మా కుర్రాణ్ణి పనిలోంచి ఎందుకు తీసేశావనే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు జరిగింది చెప్తాను. మా దగ్గర డిజైనింగ్ చేసే కుర్రాడు ఒక శుభలేఖ మ్యాటర్‌ని ఫొటో తీసి తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. పెళ్లికూతురి తండ్రి పాత క్యాలెండర్ కాగితం వెనక నీలం పెన్నుతో, రెండుసార్లు కొట్టేసి మళ్లీ పొందిగ్గా రాసిచ్చిన కాగితం అది. అందులో 'వివాహ మహోత్సవం' కాస్తా 'మహోచ్చవం' అయింది. మావాడు దాని కింద "పెళ్లంటే మహా ఉచ్చు అని పెద్దాయన ముందే చెప్పేశారు" అని రాసి నవ్వే బొమ్మలు నాలుగు తగిలించాడు. నిజం చెప్పాలంటే చూడగానే నాకూ నవ్వొచ్చింది. తర్వాత సరిగ్గా చూస్తే అమ్మాయి పేరు, ఇంటిపేరు, ఆయన ఫోన్ నంబరు అన్నీ కనిపిస్తున్నాయి, సాయంత్రానికల్లా అది మగపెళ్లివారి ఫోన్లలోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఆయనొచ్చి 500 కార్డుల ఆర్డర్ వద్దన్నారు. అరవలేదు. "ఐదో తరగతితో ఆపేశాను బాబూ, అందుకే కదా మీ దగ్గరికొచ్చింది" అన్నారు. అడ్వాన్స్ 3,000 తిరిగిచ్చేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

కుర్రాణ్ణి నిలదీస్తే "నా ఫోను, నా స్టేటసు, వాక్ స్వాతంత్య్రం ఉంది కదన్నా" అన్నాడు. రేపట్నుంచి రావద్దన్నాను.

అక్కడితో అయిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. మూడు నెలల క్రితం ఇదే కుర్రాడు వాళ్ల వార్డులో పొంగుతున్న సైడుకాలువ ఫొటో పెట్టి, పక్కనే నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ పెట్టి, ఏదో రాశాడు. ఆ ఫ్లెక్సీ వేసింది మేమే, అదొక తమాషా. ఆ నాయకుడి మనుషులొచ్చి వాణ్ణి పనిలోంచి తీసేయమన్నారు, తీసేయనంటే ఫ్లెక్సీల పని మానేశారు, నెలకు 15 వేలు పోయింది. అప్పుడు తీయనివాడివి ఇప్పుడెందుకు తీశావని ఇప్పుడు మీరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

వాడు చెప్పిన వాక్ స్వాతంత్య్రం, అంటే రాజ్యాంగం 19వ అధికరణలో ఉన్న హక్కు, ప్రధానంగా సర్కారు మన నోరు నొక్కకుండా ఉండటానికి. శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు, 2012లో, ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరమ్మాయిల్ని పోలీసులు పట్టుకెళ్లారు, వాళ్లలో ఒకమ్మాయి చేసిందల్లా లైక్ కొట్టడమే. శ్రేయా సింఘాల్ అనే ఢిల్లీ అమ్మాయి కేసు వేస్తే 2015 మార్చి 24న సుప్రీంకోర్టు, ఆన్‌లైన్ రాతలకు అరెస్టు చేయడానికి వాడే ఐటీ చట్టం 66ఎ సెక్షన్నే కొట్టేసింది. అయితే మా దగ్గర లెటర్‌హెడ్లు వేయించుకునే ప్లీడరుగారు ఇంకోటి చెప్పారు: 2023 జనవరిలో సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల్లో నలుగురు, ఈ హక్కును ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అడగొచ్చన్నారట. అయితే నామీద కేసు పడుతుందా అంటే నవ్వి ఊరుకున్నారు.

చట్టం సంగతి ఆయనకే వదిలేస్తాను. నాకు అర్థమైంది ఇంతే. కాలువ వాడి వీధిది, మాట వాడిది. దానికి నేను వాణ్ణి తీసేస్తే పోలీసులతో పనేముంది, 14 వేల జీతం ఆపితే చాలు ఎవడైనా నోరు మూసుకుంటాడు. క్యాలెండర్ కాగితం అలా కాదు, అది మా ప్రెస్‌ని నమ్మి ఒకాయన మా చేతికిచ్చింది. ఎన్నికల కరపత్రం మీద ప్రింటర్ పేరు, అడ్రసు వేయకపోతే ఆరు నెలల జైలు దాకా ఉంటుంది మాకు, అంటే కాగితం మీద పడే ప్రతి మాటకీ ఒక పేరు జవాబు చెప్పాలి. ఇక్కడ ఆ పేరు నాది.

కానీ ఆరేళ్లుగా పనిచేస్తున్నవాణ్ణి ఒక్క మాటతో పొమ్మనడం నా కోపం తప్ప ఇంకేం కాదు. కస్టమర్ కాగితాలు బల్ల మీద చిత్తుకాగితాల్లా పడేసేది నేనే, ఫొటోలు తీయొద్దని ఏనాడూ చెప్పిందీ లేదు. నాలుగో రోజు మళ్లీ పిలిచాను. ఇద్దరం ఆయనింటికెళ్లి క్షమాపణ చెప్పాం, మంచినీళ్లిచ్చారు, కార్డులు మాత్రం వేరేచోట వేయించుకున్నారు.

వాణ్ణి పెట్టుకుంటే ఇక రామని ముగ్గురు చెప్పారు. మీ డబ్బు, మీ ఇష్టం, నాకు కోపం లేదు. వాడి ఇంటి గేటు ఫొటో గ్రూపుల్లో తిప్పుతున్నవాళ్లు మాత్రం వెంటనే తీసేయండి, లేదంటే నేనే వాణ్ణి వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్తాను.

సోమవారం నుంచి ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు మీరు సరిచూసే నమూనాలు, కాగితం మీదే చూపిస్తాం, వాట్సాప్‌లో పంపం. ఆర్డర్ ఇచ్చేటప్పుడు మీ చేతిరాత కాగితం అడిగి మరీ వెనక్కి తీసుకోండి. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఇబ్బందే, ముందురోజు ఫోన్ చేస్తే ప్రూఫ్ సిద్ధంగా ఉంచుతాను.