చెనిక్కాయ వేరుకు కాయదు

తిరుపతి,
ఆదివారం, మధ్యాహ్నం

ఒరేయ్ బాణాల రాయుడూ,

నీ ఉత్తరం ఎప్పుడో వచ్చింది, జవాబు ఆలస్యమైంది, కోపం పెట్టుకోవద్దు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు పంచాంగం తనే చదువుకుంటోంది. చిన్నోడు ఆరో తరగతికి వచ్చినాడు. బ్రహ్మోత్సవాలకు వచ్చేట్టుంటే ముందే చెప్పు, మా ఇంట్లోనే దిగాల. తెల్లపిల్లి సంగతి కాగితం మీద పెట్టేది కాదు, కలిసినప్పుడే. సరే, ఇంటి కబుర్లు అయిపోయినాయి. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

చెనిక్కాయ చెట్టు బొమ్మరా, మీ పక్క వేరుశనగ అంటారే, అదే! ఐదో తరగతి పిల్లలకు కాగితాలిచ్చి "చెనిక్కాయ చెట్టు గీయండి" అని చూడు. ఇక్కడ పాకాల పక్క పిల్లలు చేలల్లోనే పెరుగుతారు. కలుపు తీస్తారు, సెలవుల్లో కాయలు ఒలుస్తారు. అయినా బొమ్మ గీయమంటే కాయలన్నీ తీసుకుపోయి వేర్లకే తగిలిస్తారు. చెట్టు పీకినప్పుడు వేర్లూ కాయలూ ఒకే కుచ్చుగా బయటికొస్తాయి, మట్టిలోనుంచి వచ్చింది కాబట్టి అంతా వేరే అనుకుంటారు. పైగా ముల్లంగి, క్యారెట్ పాఠం ముందే అయిపోయుంటుంది, దీన్నీ ఆ వరసలో చేర్చేస్తారు. గోడకు తగిలించే అచ్చు పటాలు కొన్ని కూడా ఊడను, అంటే కొమ్మ నుంచి నేలలోకి దిగి కొనలో కాయ కాసే కాడను, వేరు రంగులో, వేరు మందంలోనే చూపిస్తాయి. అట్లాంటి పటం ముందు నిలబడి "ఇది వేరు కాదు" అని ఎంత చెప్పినా పిల్లోడు కళ్లకు కనిపించిందే నమ్ముతాడు. మీ భీమవరం పక్క పిల్లలు అసలు ఈ చెట్టునే చూసుండరు. అందుకే నీకు ఇంకా వివరంగా రాస్తున్నా.

బొమ్మకంటే ముందు చెట్టు వాళ్ల చేతికి రావాల. విత్తి 60 రోజులు దాటిన చెట్టయితే మంచిది. పువ్వు, గాలిలో వేలాడే ఊడ, మట్టిలోకి దిగిన ఊడ, లేతకాయ, ముదురుతున్న కాయ, అన్నీ ఒకే చెట్టుకు దొరుకుతాయి. ఖరీఫ్ పంటయితే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు దాకా అదను. చెట్టును పట్టుకుని లాగొద్దు. లాగితే ఊడలు తెగిపోయి కాయలు మట్టిలోనే ఉండిపోతాయి, మనం చూపించాల్సిన అతుకే పోతుంది. ముందురోజు నీళ్లు పోయించు. మొదలు చుట్టూ జానెడు దూరంలో పారతో తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి మెల్లగా ఆడించు. గట్టిగా దులపొద్దు. కడిగిన చెట్టును తెల్లగుడ్డ మీద పరిస్తే ఊడలు విడివిడిగా కనిపిస్తాయి. ఐదుగురికి ఒక చెట్టు చాలు.

ఇప్పుడు ఒక్కొక్కరూ ఒక కాయ పట్టుకుని, దాని తోక మీద వేలు పెట్టి పైకి తడుముకుంటూ పోవాల. వేలు వేరు దగ్గర ఆగదు. నేల గీత దాటి పైకి పోయి, కాండం మీద ఆకు మొలిచిన కణుపు దగ్గర ఆగుతుంది. "సార్, ఇది కొమ్మకుంది!" అని మొదటి అరుపు వచ్చినప్పుడు ఆ మొహాలు చూడాలిరా నువ్వు. ఇంక మనం నోరు విప్పాల్సిన పనే లేదు. వెంటనే వేర్లు చూపించు. వాటికి ఉండేవి కాయలు కాదు, బుడిపెలు, రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటే అవి పనిచేస్తున్నట్టు. అందులోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని చెట్టుకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. బుడిపెకూ కాయకూ తేడా ఈ దశలోనే తేలిపోవాల. లేకపోతే బొమ్మలో రెండూ ఒకటే సైజు అవుతాయి.

తర్వాత బోర్డు. పూర్తయిన పటం ఒక్కసారిగా చూపించొద్దు. చూపిస్తే పిల్లలు బొమ్మ చూడరు, పేర్లు మాత్రం ఎక్కించుకుంటారు. ముందుగా నేల గీత ఒక్కటే గీయి, బోర్డు ఎత్తులో సగానికి, ఈ చివర నుంచి ఆ చివరికి. ఎందుకంటే ఈ పాఠం మొత్తం ఆ గీతకు పైన ఏముంది, కింద ఏముంది అనేదే. తర్వాత తెల్ల సుద్దతో తల్లివేరు, దాని పక్కవేర్లు, చిన్న చుక్కలుగా బుడిపెలు. ఆకుపచ్చతో కాండం, ఆకులు. ఒక్కో ఆకుకు నాలుగే ఆకురెక్కలు, రెండు జతలుగా. మూడు గీస్తే చిక్కుడు ఆకు అయిపోతుంది. పసుపుతో ఆకు సందులో పువ్వు. చివరగా ఎర్ర సుద్దతో ఊడ. కణుపు దగ్గర మొదలుపెట్టి, సుద్దను ఎత్తకుండా, నేల గీతను దాటించి కిందికి లాగు. ఆ గీత ఎక్కడా తెగకూడదు. కొన దగ్గర కొంచెం అడ్డంగా తిప్పి కాయ గీయి. ఎర్ర గీత వేరును ఎక్కడా తాకకూడదు, పక్కనుంచి పోవాల. పిల్లలు గీసేటప్పుడు తప్పేది సరిగ్గా అక్కడే. కింద చోటు చాలక కాయను వేరుకు ఆనించేస్తారు. అందుకే వేర్లను మధ్యలో సన్నగా, కాయలను రెండు పక్కలా దూరంగా పెట్టమను.

పువ్వు దగ్గర ఇంకో చిక్కుంది, నీకు తెలిసిందే అయినా రాస్తా. పువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. దాని కింద సన్నటి కాడ ఉన్నట్టే ఉంటుంది, కానీ అది కాడ కాదు, గొట్టం. అండాశయం ఆ గొట్టం అడుగున, ఆకు సందులో దాక్కుని ఉంటుంది. ఫలదీకరణ జరిగాక రేకలు, గొట్టం ఎండిపోతాయి. అండాశయం అడుగు భాగం సాగి ఊడ అవుతుంది, అండాశయం దాని కొనలో కూర్చుని నేలలోకి దిగుతుంది. వారం అటూ ఇటూగా ఊడ కంటికి ఆనుతుంది. మట్టిలో మూడు నుంచి ఏడు సెంటీమీటర్ల లోతున కాయ ఊరుతుంది. కాబట్టి ఊడను పసుపు రేకల చివర నుంచి గీస్తే తప్పు, పువ్వు అడుగు నుంచే రావాల. పెద్ద బొమ్మలో ఇది కనపడదు, పక్కన ఒక గుండ్రం గీసి అందులో పువ్వు అడుగును పెద్దది చేసి చూపించు. ఆ గుండ్రం కింద "పెద్దది చేసి గీసినది" అని రాయడం మర్చిపోవద్దు. రాయకపోతే పువ్వు కాయకంటే మూడింతలు ఉంటుందని కొందరు రాసుకుపోతారు.

ఇప్పుడు నీ బాణాలు! పేరు రాసే గీతకు బాణం తల వద్దురా, ఎన్నిసార్లు కొట్లాడుకున్నాం దీని మీద, మేడమెట్ల మీద చేసుకున్న మన ఒప్పందం గుర్తుంది కదా. పేరు గీతలు స్కేలు పెట్టి అడ్డంగా, ఒకదాన్నొకటి కోసుకోకుండా, పేర్లన్నీ కుడిపక్కన ఒకే వరసలో. బాణం అంటే కదలిక, అంతే. ఈ బొమ్మ మొత్తానికి బాణం ఒక్కచోటే రావాల, ఊడ పక్కన, కిందికి. అన్నిచోట్లా బాణాలుంటే ఊడ దిగుతోందన్న మాట ఎట్ల తెలుస్తుంది చెప్పు? ఇంకొకటి. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని మగపిల్లలు తరగతిలో ఒకరిద్దరు ఉండే వీలుంది. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వేరును సన్న గీతగా, ఊడను రెండింతలు మందంగా గీయి.

బోర్డు అయ్యాక కాగితం మీద "మట్టి తలుపు" చేయించు. పిల్లలకు పిచ్చి ఇష్టం. ఏ4 కాగితం నిలువుగా పెట్టుకుని పైనుంచి 14 సెంటీమీటర్ల దగ్గర నేల గీత. చెట్టు మొత్తం, కింద భాగంతో సహా, ముందే గీసేయాల. తర్వాత 21 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు గోధుమరంగు కాగితం కోసి, పై ఒక్క సెంటీమీటరు పట్టీకే జిగురు రాసి, నేల గీతకు సరిగ్గా పైన అంటించి, గీత దగ్గర మడత పెట్టాల. అడుగున దాదాపు ముప్పాతిక సెంటీమీటరు ఖాళీ మిగులుతుంది, వేలు పెట్టి ఎత్తడానికి అది కావాల. జిగురు ఆరాక పట్టీ కింద పడిపోయిన కాండాన్ని, ఊడలను పట్టీ మీద మళ్లీ గీసి కలపాల. ఈ కలపడం వదిలేస్తే ఊడ నేల దగ్గర తెగినట్టే ఉండి పాఠం చెడిపోతుంది. జిగురు పలచగా ఉంటే కాగితం ముడతలు పడి తలుపు మూసుకోదు, మైదాను చిక్కగా ఉడికించుకోమను. ఊడల మీద ఎర్ర ఉన్నిదారం అంటిస్తే చూపు తక్కువున్న పిల్లలు కూడా వేలితో కణుపు దాకా పోగలరు.

అన్నిటికంటే నాకు ఒళ్లు పులకరించేది జిప్సం దగ్గర. ఇక్కడ రైతులు ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం (కాల్షియం ఉండే ఖనిజం) చెట్ల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోస్తారు. పిల్లలందరూ చూసిందే. వేర్ల కోసమైతే విత్తేముందే వేస్తే సరిపోదా, ఊడల దాకా ఎందుకు ఆగాల? కాయకు కావాల్సిన కాల్షియంను కాయే తన పెచ్చుతో మట్టిలోనుంచి నేరుగా పీల్చుకుంటుంది. వేరు తీసుకున్న కాల్షియం నీళ్లతో పాటు ఆకులకు ఎక్కిపోతుంది, మళ్లీ కిందికి దిగి కాయకు రాదు. మా పిల్లలకు తిరుమల ఘాట్ రోడ్లతో చెప్తా. ఎక్కే రోడ్డులో పోయిన బండి అదే రోడ్డులో వెనక్కి రాలేదు, దిగే రోడ్డు ఒకటుంది కానీ దాంట్లోకి చక్కెరను వదుల్తారు, కాల్షియంను వదలరు. కాల్షియం అందకపోతే పెచ్చు ఉంటుంది, లోపల పప్పు ఉండదు, పొల్లుకాయలు. ఇది బోర్డు మీద గీసినప్పుడు ఒక పిల్ల లేచి "మా నాయన అందుకేనా సార్ పూత వచ్చినాక చల్లేది!" అంది. ఇంట్లో జరిగే పనికి కారణం బడి బొమ్మలో దొరికింది ఆ పిల్లకు. దీని కోసమే కదరా మనం సుద్దముక్క పట్టుకునేది! ఇక్కడ వేసే నారాయణి, ధరణి రకాలు మన తిరుపతి పరిశోధనా స్థానంలోనే తయారయినాయని చెప్తే ఇంకా నిక్కి వింటారు.

వాళ్లకు వచ్చిందో లేదో తెలియాలంటే పేర్లు రాయమని అడగొద్దు, బట్టీ పట్టి రాసేస్తారు. కాయలు వేర్లకు వేలాడే బొమ్మ నువ్వే గీసి "ఇందులో ఏది తప్పు, సరిచేయండి" అను. ఇంకో ప్రశ్న, ఊడకూ మట్టికీ మధ్య రేకుముక్క అడ్డం పెడితే ఏమవుతుంది? ముందు ఊహించి గీయమను. ఊడ మట్టి చీకట్లోకి చేరకపోతే కాయ ఊరదు, కొన ఎండిపోతుంది. పై కణుపుల ఊడలు నేల అందక ఎట్లాగూ ఎండుతాయి, అవి చూపిస్తే సాక్ష్యం చెట్టు మీదే ఉంది.

నీకు చేను లేదు కాబట్టి సంచుల్లో పెంచు. అడుగు లోతు, అడుగు వెడల్పు సంచి, సగం ఇసుక కలిసిన ఎర్రమట్టి, అడుగున రంధ్రాలు. మీ నల్లమట్టిలో వద్దు, అది గట్టిపడితే ఊడ దిగలేదు. సంచికి రెండు గింజలు, రెండు అంగుళాల లోతులో. 25 నుంచి 30 రోజులకు మొదటి పువ్వు. విత్తనం కాయలు అరకిలో పార్సిల్ కడుతున్నా, ఒలవకుండా పంపుతా, విత్తే రోజే ఒలుచుకో. ఎర్రపొర ఊడిన గింజ మొలక సరిగా రాదు. మీ ఇంట్లోవాళ్ల కంట పడనీయొద్దు, సాయంత్రానికి ఉప్పేసి ఉడకబెట్టేస్తారు!

గింజ చీల్చి ముక్కు చూపించే బొమ్మ గురించి కూడా రాద్దామనుకున్నా, రాత్రి నానబెట్టిన గింజలయితేనే అది విరక్కుండా... అయ్యో, పోయే బస్సు హారన్ కొడుతోంది, మా తమ్ముడు అటే పోతున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇచ్చేస్తున్నా. నీ మొదటి ఊడ ఏ రోజు కనిపించిందో రాయి.

నీ
మేడమెట్ల మిత్రుడు